సేంద్రియ వస్త్రానికి విత్తనమే మొదలు

సేంద్రియ వస్త్రాలపై చర్చ సాధారణంగా పురుగుమందుల మానివేతతో మొదలై ధ్రువపత్రంతో ముగుస్తుంది. రైతు ఏ విత్తనం వేయాలన్న ప్రశ్న ఈ రెండింటి మధ్య మరుగున పడుతోంది. వస్త్రంపై పడే రసాయన భారాన్ని మొట్టమొదట నిర్ణయించేది ఆ విత్తనమే.

సేంద్రియ ఉత్పత్తి ప్రమాణాలు జన్యుమార్పిడి విత్తనాన్ని అంగీకరించవు. అయితే 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత దేశంలోని పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం బీటీ సంకర రకాలతోనే నిండింది. వేరొక విత్తనం అందుబాటులో లేని రైతుకు సేంద్రియ సాగును సిఫారసు చేయడం వల్ల ప్రయోజనం లేదు. పైగా బీటీ జన్యువు పచ్చదోమ, తామర పురుగుల వంటి రసం పీల్చే పురుగులను అరికట్టదు. గులాబీ రంగు పురుగు సైతం దానికి నిరోధకతను పెంపొందించుకొంది.

ఈ సందర్భంలో దేశవాళీ పత్తి, అనగా గాసిపియం ఆర్బోరియం, పునఃపరిశీలనకు అర్హమైనది. బెట్టను, రసం పీల్చే పురుగులను తట్టుకొనే గుణం దీనికి సహజంగా ఉంది. ఇందులో 26 క్రోమోజోములు, అమెరికన్ పత్తిలో 52 ఉన్నందున వాటి మధ్య సఫల సంకరం అరుదు. పొరుగు చేలోని బీటీ పుప్పొడి వల్ల కల్తీ ముప్పు ఆ మేరకు తగ్గుతుంది. జిన్నింగు దశలో కలిసిపోకుండా మాత్రం జాగ్రత్త వహించాలి.

పింజ పొట్టిదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆధునిక మిల్లులకు పొడవు పింజ కావాలి. కాని శ్రీకాకుళం జిల్లా పొందూరులో స్థానిక పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రపరచి, చేతితో 100 కౌంటు వరకు సన్నని నూలు వడుకుతున్నారు. అంతటి నైపుణ్యం అన్నిచోట్లా ఆశించలేకపోయినా, పింజకు తగిన వడుకు విధానాన్ని ఎంచుకోవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతోంది. దుప్పట్లు, తువాళ్ల వంటి మందపు బట్టలకు పొట్టి పింజ అవరోధం కాదు.

అద్దకంలోనూ ఇదే వివేచన అవసరం. ప్రకృతి రంగు వాడినంత మాత్రాన హాని తొలగిపోదు. రంగు పట్టించడానికి కరక్కాయ, పటికలకు బదులు క్రోమియం లవణాలు వాడితే వదిలే నీరు కలుషితమే అవుతుంది.

కనుక విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత పత్తి ఏరడంతో ముగియరాదు. క్షేత్ర ప్రయోగ ఫలితాలలో దిగుబడితో పాటు సస్యరక్షణ వ్యయం, నికరాదాయం, పింజ లక్షణాలు కూడా నమోదు కావాలి. పరివర్తన కాలంలో దిగుబడి తగ్గినా ధర పెరగదు. ఆ నష్టాన్ని రైతు ఒంటరిగా మోయకుండా నేత సంఘాలతో ముందస్తు కొనుగోలు ఒప్పందాలు కుదర్చాలి. వీటన్నింటికన్నా ముందు, విశ్వవిద్యాలయ విత్తన క్షేత్రాలలో దేశవాళీ పత్తికి కొంత భూమిని కేటాయించడం అత్యవసరం.