ఎండాకాలం సెలవులు మన పిల్లలకూ ఉన్నాయి

మే నెల వచ్చిందంటే సోలాపూరులో ఇళ్ళు రెండు రకాలుగా విడిపోతాయి. కొన్ని ఇళ్ళలో మహాబలేశ్వరం పోవడానికి పెట్టెలు సర్దుకుంటారు. మన ఇళ్ళలో బడి మూసిన మర్నాడే పిల్లవాణ్ణి కార్ఖానాకు వెంట తీసుకుపోతాం. "ఎండలో పడి తిరిగేకంటే నా కళ్ళ ముందుంటాడు కదా" అంటాడు తండ్రి. వాడు మొదటి రోజు ఊరికే కూర్చుంటాడు. రెండో రోజు కండెలు అందిస్తాడు. వారం తిరిగేసరికి కండెలు చుట్టడం నేర్చేస్తాడు. ఆడపిల్లయితే తల్లి పక్కన చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తుంది. దీన్ని ఎవరూ పని అనరు, సాయం అంటారు. జూన్ నెల మధ్యలో బడి తెరిచాక ఈ సాయానికి అలవాటుపడిన పిల్లల్లో కొందరు తిరిగి పలక పట్టరు. నెలన్నర సెలవుల్లో పోయిన చదువు అది.

యూనియన్ పత్రికలో షికార్ల గురించి సంపాదకీయం ఏమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. మజూరీ పెంపు ఉంది, పి.ఎఫ్. బకాయిలు ఉన్నాయి, బోనస్ ఉంది, అవన్నీ వదిలి ఇదా అని. అవేవీ వదలలేదు. ఇది కూడా ఆ తగాదాలో భాగమేనని మా అభిప్రాయం. పీసు రేటు మీద బతికే మనిషి ఒక రోజు పిల్లలను ఎక్కడికైనా తీసుకుపోతే బస్సు ఛార్జీ ఒక ఖర్చు, ఆ రోజు ఆగిపోయిన సాంచాల కూలి ఇంకో ఖర్చు. రెండోదే ఎక్కువ. టిక్కెట్టు లేని చోటు కూడా మనకు ఉచితం కాకపోవడానికి కారణం ఇదే.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి మరుసటి ఏడు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు రావాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. కాగితం మీద ఇది మనకు లాభమే. నెల జీతగాడికి ఒకటి, పీసు రేటు వాడికి ఒకటి అని చట్టం తేడా చూపలేదు. అయితే పది మంది కంటే తక్కువ కార్మికులున్న షెడ్డు గడప ఆ సెలవు దాటదు. మన తూర్పు భాగంలో ఒకే కప్పు కింద నడిచే సాంచాలు రిజిస్టరులో మాత్రం తండ్రి పేర కొన్ని, కొడుకు పేర కొన్ని, కోడలి పేర కొన్ని ఎందుకుంటాయో సభ్యులకు మేము వివరించనక్కరలేదు. లెక్క ఎప్పుడూ తొమ్మిది దగ్గర ఆగుతుంది.

పిల్లల విషయంలోనూ చట్టం ఒక సందు వదిలింది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని గట్టిగానే రాశారు. కాని బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చునన్నారు. యజమానులకు ఈ ఒక్క మాట బాగా గుర్తుంది. సాంచాల మోతలో, నూలు ధూళిలో, మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటి కొన్ని రోజులు 43, 44 కూడా పలికే ఊళ్ళో, రేకుల షెడ్డు కింద ప్రమాదం లేదని చెప్పేవారు ఒక పూట అక్కడ కూర్చుని చూడాలి.

ఇక పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలి? మన ఊళ్ళో ఏముందిలే అన్న మాట తరచు వింటున్నాం. ఈ మాట మాకు నచ్చదు. సిద్ధేశ్వర చెరువు గట్టు ఉంది. పన్నెండో శతాబ్దంలో సిద్ధరామేశ్వరుడు తవ్వించాడని చెప్పుకునే ఆ నీటి పక్కన సాయంత్రం గాలికి కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దాన్ని ఆనుకునే భుయికోట ఉంది. బహమనీల కాలం నాటి కోట అది. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. 2025లో ఏప్రిల్ 18న, ప్రపంచ వారసత్వ దినాన, పెద్దలకు కూడా టిక్కెట్టు తీసేశారు. ఆ సంగతి మన పేటల్లో ఎంతమందికి తెలిసింది? రైలెక్కితే వంద కిలోమీటర్ల దూరంలో విజయపుర, అక్కడ 1656లో పూర్తయిన గోల్ గుంబజ్. పైన గ్యాలరీలో ఒక పక్క గుసగుసలాడితే ఎదురు పక్క వినబడుతుంది. రోజంతా సాంచాల చప్పుడుకు చెవులు దిమ్మెక్కిన మనకు అది చూడదగ్గ వింతే!

అన్నిటికంటే ముందు పిల్లలకు చూపించవలసింది నలుగురు హుతాత్మల విగ్రహాలున్న చౌకు. అదీ మే నెల కథే. 1930 మే 5న గాంధీని అరెస్టు చేసిన వార్త తెలిసి సోలాపూరు మిల్లు కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. 8న పోలీసులు కాల్పులు జరిపారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఈ ఊళ్ళో బ్రిటిషు అధికారం నడవలేదు. 12న మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, ఈ నలుగురినీ 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. నాలుగు పేర్లూ ఒకసారి పైకి చదివితే ఈ ఊరు ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. మన తెలుగు కుటుంబాలు అప్పటికే ఇక్కడి మిల్లుల్లో ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, తాతల నోట విన్నవి కొందరికైనా జ్ఞాపకం ఉంటాయి. చైనాలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేస్తూ 1942లో ప్రాణాలు విడిచిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్ కూడా ఈ ఊరి బిడ్డే. ఆయన స్మారకం ఊళ్ళోనే ఉంది.

కళల సంగతికి వస్తే, జనవరిలో గడ్డా జాతర, శ్రావణంలో నారళీ పున్నమికి మార్కండేయ రథం, దసరాకు బతుకమ్మ. ఎండాకాలంలో ఏమీ లేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం పటం విప్పి, బొమ్మలు చూపిస్తూ కథ చెప్పే కూనపులివారు తెలంగాణలో ఇప్పటికీ ఉన్నారు. ఆ పటాన్ని కన్న తల్లిదండ్రులు మనలో ఉన్నారు, చూసిన పిల్లలు లేరు. హాలు అక్కరలేదు, మైకు కూడా అక్కరలేదు. వీధిలో రెండు దీపాలు, కింద పరుచుకోవడానికి మనం నేసిన చద్దర్లు చాలు. రాను పోను ఖర్చులు, వారి సంభావన మాత్రం గౌరవంగా ఇవ్వాలి. ఉచితమంటే చూసేవారికే గాని ఆడేవారికి కాదు.

మహానగర పాలికకు ఈ విషయమై వినతిపత్రం ఇస్తున్నాం. తెలుగు బడుల గదులు సెలవుల్లో తాళాలతో పడి ఉంటాయి, వాటిని సాయంత్రం రెండు గంటలు తెరవమంటున్నాం. తోటలు కార్మికుడు షిఫ్టు దిగి వచ్చేవరకు తెరిచి ఉంచాలి, అక్కడ తాగునీరు ఉండాలి. హుతాత్మల పేరుతో కట్టిన నాట్యగృహం మే నెలలో ఒక్క ఆదివారమైనా కార్మికుల పిల్లలకు అద్దె లేకుండా ఇవ్వాలి. 2024 జనవరి 19న కుంభారిలో 15,000 ఇళ్ళు కార్మికులకు అప్పగించారు. ఇల్లు వచ్చింది, మంచిదే. అక్కడి నుంచి సిద్ధేశ్వర చెరువుకు పిల్లలతో వచ్చి రాత్రికి తిరిగి పోవడానికి ఆదివారం పూట బస్సు కావాలి.

యజమానులను అడిగేది ఒకటే. మే నెలలో రెండు రోజులు సరాసరి కూలితో సెలవు. ఈసారి మజూరీ చర్చల పత్రంలో దాన్ని బోనస్ కింద రెండో అంశంగా చేర్చాం.

వచ్చే కార్యవర్గ సమావేశం నాటికి ప్రతి పేట నుంచి 8 నుంచి 14 ఏళ్ళ పిల్లల పేర్లు, వారి బడి, తరగతి, సెలవుల్లో ఏం చేస్తున్నారో రాసి ఆఫీసులో ఇవ్వాలని కోరుతున్నాం. కండెల దగ్గర ఉన్నాడని రాయడానికి ఎవరూ సిగ్గుపడవద్దు. మొదటి బండిలో ఆ పిల్లలకే చోటు.