పందుంపుల్లకూ పరీక్ష కావాలి
హైదరాబాద్ నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దారిలో దొరికే మిస్వాక్ పుల్ల, అబిడ్స్ దుకాణాల్లో పేస్టు ట్యూబులోకీ చేరింది. ఆఫ్రికా నుంచి మన దేశం దాకా ఎండనేలల్లో పెరిగే ఆ చెట్టు వేరులో బెంజైల్ ఐసోథయోసయనేట్ ఉంది. అది కొన్ని బ్యాక్టీరియాను చంపుతుందని ప్రయోగశాలల్లో తేలింది.

ఇలాంటి పరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు. అగార్ పళ్లెంలో స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను పరిచి, మొక్క సారంలో తడిపిన కాగితపు బిళ్ల పెట్టి, మర్నాడు చుట్టూ తేరిన ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. బోల్తా పడేదీ ఇక్కడే. సారం తీసిన ఆల్కహాలే సూక్ష్మజీవిని చంపి ఉండొచ్చు. పక్కన ఒట్టి ఆల్కహాల్ బిళ్ల పెట్టని ప్రయోగాన్ని నమ్మనక్కర్లేదు. వలయం వచ్చినంతమాత్రాన మందూ కాదు. మోతాదు, మనిషి కణాలకు హాని తేలాలి.

అయినా ఇలాంటి పరీక్షలు మనకు కావాలి. పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడింది. మందులకు లొంగని క్రిములకు అంతకన్నా ఏం కావాలి? కొత్త మందుల వేట అవసరమే. ఎర్రగడ్డ యునానీ పరిశోధన సంస్థ, నగర కళాశాలలు ఆ పని చేపట్టి, పనిచేయని మొక్కల వివరాలనూ ప్రచురించాలి.