పనమ్మాయి జీతం, మన ప్రార్థన

మా కొండాపూర్ వైపు ఏ ప్రార్థన కూడికకు వెళ్ళినా ఒకటే మనవి: మా వారి ఉద్యోగం నిలబడాలి. హైటెక్ సిటీలో లేఆఫ్‌ల మాట వినపడితే చాలు, ఉపవాసాలు మొదలు. మంచిదే. దేవుణ్ణి కాక ఇంకెవర్ని అడుగుతాం?

కానీ అదే భయంతో పనమ్మాయి జీతం పదో తారీకుకు జరపడం నాకు మింగుడుపడదు. కూలి ఒక్క రాత్రి కూడా ఆపుకోవద్దని లేవీయకాండము 19:13 చెప్తుంది. పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యమంటుంది ద్వితీయోపదేశకాండము 24:15. ఆ పేదవాడి ఆశంతా దాని మీదేనట. యాకోబు పత్రిక 5:4లో అయితే కోత కూలీలకు ఎగ్గొట్టిన కూలే మొరపెడుతుంది, అది ప్రభువు చెవిన పడుతుంది. మన మనవులు చేరేదీ ఆ చెవికే కదా అక్కలూ!

మా ఇంట్లో ఒకటో తారీకున ముందు ఆమె డబ్బే తీస్తాను. ఈఎంఐ ఆ తర్వాత. "కాస్త చేతిలో ఉంచుకోవచ్చుగా" అంటారు మా వారు. ఆమె ఇంటద్దె కట్టాల్సిందీ ఒకటో తారీకే మరి.