ఉమ్మడి గోడమీది పిల్లిదారి

ధర్మపురిలో నరసింహస్వామి గుడి చుట్టు గల పాతవీధులలో, ఒకానొక పెంకుటింటి అటుకమీదికి నిచ్చెన వేసికొని యెక్కి చూచినచో ఒక విచిత్రము కనబడును. క్రింద రెండడుగుల మందమున్న మట్టిగోడ ఇరువురు పాలివారి ఆస్తులను, మాటలను, అప్పుడప్పుడు కలహములను గూడ వేరుచేయుచు దృఢముగా నిలిచియుండును. పైకి పోయినకొలది అదే గోడ తన పౌరుషమును కోల్పోయి, వాసములకు జానెడు దిగువనే ఆగిపోయి, ఆ పైని చీకటిని రెండిండ్లకును ఉమ్మడిగా వదలిపెట్టును. ఆ జానెడు సందులోనుండియే పిల్లి యొక యింటి అటుకనెక్కి నాల్గవ యింటి వంటసాలలో దిగుచున్నది. పాలు పోయిననాడు మాత్రమే మనకా దారి జ్ఞాపకము వచ్చును. నిప్పంటుకొన్ననాడు పొగయు ఆ దారినే నడచును.

గోడలో దాగిన కఱ్ఱ సంగతి వేఱు. ఈ యింటి దూలపు కొనయు ఆ యింటి దూలపు కొనయు ఒకే గోడలో ఎదురెదురుగా వచ్చి కూర్చుండగా, వాని నడుమ మిగిలిన మట్టి ఒక్కొకచోట బెత్తెడైనను ఉండదు. దీపము పెట్టుకొనుటకు ఇరువైపుల తొలిచిన దిగూళ్లు ఒకదాని వీపు నొకటి తాకునంత లోతైనవి. కరెంటు వచ్చినపిమ్మట తీగలకొఱకు పొడిచిన రంధ్రములకు లెక్కయే లేదు. తరములుగా ఎండిన దూలము ఒకవైపు కాలిపోయినచో, అది విడిచిన బొందలోనుండి మంట ఆవలి యింటిలోనికి తొంగిచూచును.

పెంకుటిండ్ల కథ ముగిసినది గదా, గల్ఫుదేశములలో చెమటోడ్చిన డబ్బుతో జగిత్యాల, కోరుట్ల ప్రాంతమంతట స్లాబులు లేచినవి, సిమెంటు కాలునా యని కొందఱి ధీమా. సిమెంటు కాలదు, ఇంటిలోని పరుపులు, ప్లైవుడ్డు బీరువాలు, తెరలు కాలును, అద్దము పగిలి వెలువడిన మంటకు మూడడుగుల దూరముననున్న పొరుగింటి కిటికీని పలుకరించుట యెంతసేపు? మంట తాకనక్కఱయే లేదు, దాని సెగ సోకినను గుడ్డ రగులుకొనును. సిరిసిల్లలో మరమగ్గముల సాలకు ఆనుకొని యిల్లు, ఇంటికి ఆనుకొని మరల నొక సాల; మగ్గములక్రింద పేరుకొను నూలుదుమ్మునకు ఒక్క నిప్పురవ్వ చాలును.

శాసనము దీనికి చూపిన మందు ఖాళీ జాగా. 2012 నాటి భవననిర్మాణ నిబంధనలు స్థలము పెద్దదైనకొలది ఇంటిచుట్టు ఎక్కువ వదలుమన్నవి. మిక్కిలి చిన్న స్థలములకు ప్రక్కల వదలనక్కఱలేదని క్షమించినవి. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టము 75 చదరపు గజముల లోపు స్థలమున 7 మీటర్ల ఎత్తువరకు కట్టుకొనువారికి అనుమతియే అక్కఱలేదని, ఒక్క రూపాయితో నమోదు చేసికొన్న చాలునని చెప్పినది. పేదవానికి కార్యాలయముల చుట్టు తిరుగు బాధను తప్పించిన ఆ ఔదార్యమును నేను మెచ్చుకొందును. అగ్నిమాపక శాఖవారి నిరభ్యంతర పత్రమా, నివాసగృహము 18 మీటర్లు దాటిననాడే గాని దాని ప్రసక్తి రాదు. ఇట్లు ఇండ్లెక్కడ మిక్కిలి దగ్గఱగా నున్నవో అక్కడనే ఎవరి చూపును పడకుండ పోయినది. జాగా అడుగలేనిచోట గోడనైనను అడుగవలదా?

2025 మే 18వ తేదీన హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద దుకాణములమీది యింటిలో నిప్పు లేచి 17 మంది మరణించినారు, అందెనమండుగురు పిల్లలు. ఇరుకుదారిన బయటపడలేక వారిలో పలువురు పొగకు ఊపిరాడకయే పోయినారు. ధర్మపురిలో ఈ మాట యెత్తినచో, ప్రక్కనే గోదావరి యుండగా భయమేల యనువారు లేకపోలేదు. గోదావరి యున్నది; ఫైరింజను సందులోనికి రావలెను గదా! ఫాల్గుణ బ్రహ్మోత్సవముల దినములలో మనిషికే సందు దొరకదు. ఈ క్షేత్రమునకు వచ్చినవానికి యమపురి లేదన్న నానుడిని నమ్ముకొని, యముని గుడి ఊరిలోనే యున్నదన్న సంగతిని మఱచినట్లున్నాము.

1666లో పదమూడువేలకు పైగా ఇండ్లు కాలిన పిమ్మట లండను నగరము ఇటుకగోడను శాసించినది. తరువాతి చట్టములు ఇండ్లనడిమి గోడను కప్పుకంటె ఎత్తుగా లేపుమన్నవి. జపానులో వర్తకుల ఇండ్లనడుమ కప్పు దాటి లేచిన ఇట్టి గోడకు ఉదత్సు అని పేరు. అది కట్టుటకు డబ్బు కావలెను గనుక క్రమముగా హోదాకు గుర్తై, జీవితమున పైకి రాలేనివానిని ఉదత్సు లేవనివాడనుట ఆ భాషలో జాతీయమైనది. మనవారు హోదాకై ముందువైపు పాలరాయి అతికించుచున్నారు.

చిక్కు డబ్బుది కాదు. నాలుగు వరుసల ఇటుక, రెండు తట్టల సిమెంటు, మేస్త్రీకి ఒకనాటి కూలి: ఇంతకుమించి ఆ జానెడు సందు మూయుటకు పట్టదు. చిక్కెల్ల గోడ యెవరిదన్న ప్రశ్నలో నున్నది. ఉమ్మడి గోడమీద ఒకడు ఇటుక పెట్టినచో రెండవవాడు అది తన హక్కునకు భంగమని వకీలు నింటికి పోవును. అందుచేత గోడ ఇరువురిదై, గోడ తల మాత్రము ఎవరిదియు గాక మిగిలినది. 2018లో ఏర్పడిన ధర్మపురి పురపాలక సంఘము ఇచ్చట పెద్దమనిషి పాత్ర వహింపవలెను. చెరిసగము ఖర్చనియు, దానివలన ఎవని హక్కును పెరుగదు తరుగదనియు ఒక కాగితముమీద ఇరువురిచేత సంతకము చేయించి, వాసముల చుట్టును బొందలలోను సున్నము కూరి, గోడను పెంకు దాటి మూరెడు లేపింపవలెను. కొత్తగా కట్టువారి నమోదు పత్రములోనే, ప్రక్కగోడకు కిటికీ పెట్టననియు, తొమ్మిదంగుళములకు తగ్గింపననియు ఒక్క వాక్యము చేర్పవలెను. పిల్లి మాత్రము వేఱొక దారి చూచుకొనవలసి వచ్చును.