హైస్కూలు పిల్లల సామాను: కొనే ముందు చూడవలసినవి

జూన్ 12న బడులు తెరుస్తారు. సరిగ్గా అదే సమయానికి రైతు ఇంట్లో విత్తనాలకూ, దుక్కులకూ డబ్బు కావలసి వస్తుంది. విత్తనం సంచీ కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగి విచారించే రైతు, పిల్లల సామాను దగ్గరికి వచ్చేసరికి దుకాణదారు చేతికిచ్చినది తీసుకుని బస్సెక్కుతున్నాడు. రెండూ కష్టార్జితమే కదా!

మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 2020 నుండి కిట్ల రూపంలో సామగ్రి అందుతున్నది. 2025లో ఇచ్చిన కిట్టులో పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు, మూడు జతల యూనిఫారం గుడ్డ, బూట్లు, మేజోళ్లు, బెల్టు, సంచీ ఉన్నాయి. కనుక కిట్టు చేతికి రాకముందే మరో సంచీ, మరో డజను నోటుబుక్కులు కొనడం దండుగ. ఇంటివారు కొనవలసినవి ముఖ్యంగా జామెట్రీ బాక్సు, పెన్నులు, పెన్సిళ్లు.

వీటిలో జామెట్రీ బాక్సునే ఎక్కువమంది చూడకుండా కొంటున్నారు. డబ్బామీద బొమ్మ చూసి పిల్లవాడు ముచ్చటపడతాడు, తండ్రి సరేనంటాడు. లోపలి వృత్తలేఖిని మర వదులుగా ఉంటే గీసిన వృత్తం మొదలూ చివరా కలవవు. నిర్మాణాల లెక్కలు ఆ పరికరంతోనే చేయాలి. పరికరం లోపం వల్ల బొమ్మ తప్పితే పిల్లవాడు తనకు లెక్కలు రావనుకుంటాడు. దుకాణంలోనే కాగితం అడిగి ఒక వృత్తం గీయించి చూడాలి. స్కేలుమీద, కోణమానినిమీద గీతలు గోటితో రుద్దితే చెరిగిపోయేవి పనికిరావు. అసలు పదో తరగతి దాటిన అన్నదో అక్కదో మంచి బాక్సు ఇంట్లో ఉంటే కొత్తది ఎందుకు?

నోటుబుక్కు కొనవలసి వస్తే అట్టను చూసి మోసపోరాదు. 200 పేజీలంటే 100 కాగితాలు, లెక్కపెడితే తెలుస్తుంది. జేబులోని పెన్నుతో చివరి పేజీలో ఒక మాట రాయమంటే దుకాణదారు కాదనడు. సిరా వెనక్కి దిగితే ఆ పుస్తకంలో ఒక పక్కే రాయాలి, అంటే సగం డబ్బు వృథా. దారంతో కుట్టినది ఏడాది నిలుస్తుంది, జిగురుతో అతికించినది సంక్రాంతి నాటికే విడిపోతుంది.

ధర విషయం ఒకటి ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి నోటుబుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లమీద జి.ఎస్.టి. పూర్తిగా తీసివేశారు. జామెట్రీ బాక్సులమీద 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. పాత ధర చెప్పే దుకాణదారును ఈ సంగతి అడగడంలో తప్పులేదు.

ప్రైవేటు హైస్కూళ్లకు వెళ్లే పిల్లల తల్లిదండ్రుల బాధ వేరు. బడి పేరు అచ్చువేసిన నోటుబుక్కులే కావాలని, అవీ తమవద్దే కొనాలని కొన్ని యాజమాన్యాలు పట్టుబడుతున్నాయి. అట్టమీద పేరు ఉన్నంతమాత్రాన పాఠం బాగా వస్తుందా? ఒక్కరు అడిగితే కసురుకుంటారు, పదిమంది తల్లులు కలిసి వెళ్లి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

సంచీ సంగతి కూడా తేలికైనది కాదు. పిల్లవాడి బరువులో పదోవంతుకు మించి సంచీ ఉండరాదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతున్నది. అంటే 40 కిలోల పిల్లకు 4 కిలోలు. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు అచ్చయిన పాఠ్యపుస్తకాలు లావుగానే ఉంటాయి. పక్క ఊరి హైస్కూలుకు నడిచిపోయే పిల్లలు ఆ రోజు టైంటేబిలు ప్రకారం కావలసినవే మోయాలి. రెండు భుజాలకూ వెడల్పాటి పట్టీలున్న సంచీ మేలు. జులైలో వానలు పడతాయి గనుక జిప్పుమీద మూత ఉన్నదో లేదో చూసుకోవాలి.

ఏ తరగతికి ఏవి కావాలో ప్రధానోపాధ్యాయులు ముందుగా జాబితా రాసి గోడకు అంటిస్తే సగం వృథా ఖర్చు తప్పుతుంది. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే. వారు ఆ జాబితా అడిగి తీసుకుని, ఊరంతటికీ కలిపి పట్నంలో టోకున కొనిపించవచ్చు. ఇందుకు కమిటీ మే నెలాఖరులోనే ఒకసారి కూర్చోవాలి.