గోడకి ఇవతల ఒక స్పీకరు, అవతల ఒక స్పీకరు... మధ్యలో అమెరికా ఎందుకు?

మా మేళ్లచెరువు శివరాత్రి జాతరకి వచ్చిన వాళ్లకి మైకు సెట్టంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఒక ఆంప్లిఫయర్, దాన్నుంచి ఒకటే వైరు, దారి పొడుగునా స్తంభాలకి హారన్లు. అన్నీ ఒకటే పాట పాడతాయి. (దూరపు హారను కాస్త లేటుగా వినపడుతుందనుకోండి, అది గాలి తప్పు. ఆంప్లిఫయర్ని అనకండి.)

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు నా పరువు పోయింది. హాల్లో, వంటింట్లో, వరండాలో తలా ఒక వైఫై స్పీకరు నేనే కొనిపెట్టాను. మూడింటినీ గ్రూపు చేస్తే పొద్దున్నే ఇల్లంతా ఒకేసారి భక్తి పాటలు. పండగ రోజే నెట్ పోయింది. రూటరు వెలుగుతోంది, వైఫై ఉంది, పాటలు నా లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. గ్రూపు మాత్రం లేదు! యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ అవ్వమంటోంది.

నాన్న చూసి చూసి, "వంటింటికీ వరండాకీ మధ్య ఒక్క గోడేగదరా, దానికి ఇంటర్నెట్ ఏంది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

"అది కష్టమైన సమస్య బాస్" అంటారని తెలుసు. కష్టమే, కాదనను. ఒక్కో స్పీకర్లో ఒక్కో క్రిస్టల్. రెండింటి మధ్య 50 పీపీఎమ్ తేడా ఉంటే నిమిషానికి 3 మిల్లీసెకన్లు, 20 నిమిషాలకి 60. అప్పటికి బావిలో పాడినట్టుంటుంది. కానీ దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఒకడు టైమ్ చెప్తాడు, ప్రతి ఆడియో ముక్క మీదా ఎప్పుడు మోగాలో రాసి పంపుతాడు, మిగతావాళ్లు గడియారాలు సర్దుకుంటారు. ఉచితంగా దొరికే స్నాప్‌కాస్ట్ ఇంతే చేస్తుంది, తేడా మామూలుగా 0.2 మిల్లీసెకన్ల లోపే. ఇందులో క్లౌడుకి పనేముంది?

పనుంది, కాకపోతే మనకి కాదు. 2022 జనవరిలో పేటెంట్ల తగాదాలో అమెరికా వాణిజ్య కమిషన్ సోనోస్ పక్షాన తీర్పిస్తే, గూగుల్ స్పీకర్లలో గ్రూపు మొత్తానికి ఒకేసారి వాల్యూమ్ మార్చే సదుపాయం పోయింది. జనం ఎప్పుడో డబ్బులిచ్చి కొనుక్కున్న పెట్టెల్లోంచి! 2025 మార్చిలో ఒక సర్టిఫికెట్ గడువు అయిపోయిందని రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లూ, క్రోమ్‌కాస్ట్ ఆడియోలూ మూగబోయాయి. సరిచేశారు లెండి, కొన్ని రోజులకి. 2020లో సోనోస్ కొత్త యాప్ తెచ్చి, పాత పెట్టెల్ని పాత యాప్‌కే వదిలేసింది. ఒకే ఇంట్లో ఉన్నా అవీ ఇవీ కలిసి పాడవు.

అదే స్క్వీజ్‌బాక్స్ చూడండి. లాజిటెక్ 2012లో ఆ వరస ఆపేసింది, 2024లో ఆన్‌లైన్ సర్వీసూ మూసేసింది. అయినా ఆ పెట్టెలు పాడుతూనే ఉన్నాయి. ఎందుకంటే సర్వరు ఇంట్లోనే నడుస్తుంది, కోడ్ అందరి చేతిలో ఉంది. వాడేవాళ్లే దాన్ని లిరియన్ పేరుతో ముందుకి లాక్కెళ్తున్నారు.

కంపెనీల్ని తిట్టి చేతులు దులుపుకుందామంటే కుదరట్లేదు. ఆ కోడ్ రాసేది మనమే. డిజైన్ రివ్యూలో "నెట్ లేకపోతే ఏమవుతుంది?" అని మనలో ఎంతమంది అడిగాం? నేనడగలేదు. లాగిన్ స్క్రీన్ ముందు పెట్టమంటే పెట్టాను, టికెట్ మూసేశాను, టీకి వెళ్లాను.

పోయిన వారం మూడు పాత రాస్ప్‌బెర్రీ పైలు సంచిలో వేసుకుని ఊరెళ్లాను. అటక మీది వైరు స్పీకర్లకి తగిలించి, స్నాప్‌కాస్ట్ పెట్టి, నాన్న ముందే రూటర్లోంచి నెట్ వైరు పీకాను. పాట ఆగలేదు. తిప్పడానికి నాబ్ లేదేందని మాత్రం ఇంకా సణుగుతున్నాడు. దానికి ఇంకో టపా రాయాలి.