జేజి పాటకు పట్టా ఎవరిది?



పోయిన సోమవారం క్లాసు అయిపోయినాక ఒక పిల్లోడు స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర నిలబడి, "మేడం, మా జేజి దొంగంట" అన్నాడు. నవ్వుతున్నాడు గానీ ముఖంలో నవ్వు లేదు.

వాళ్లది కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి మాదిగవాడ. శెనక్కాయ చేన్లో కలుపు తీస్తా వాళ్ల జేజి పాడుతుంటే, ఇంకో నలుగురు ఆడోళ్లు అందుకుంటుంటే ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టినాడు. రెండు దినాలకు మెయిల్ వచ్చింది. మీ వీడియోలో ఫలానా మ్యూజిక్ కంపెనీ పాట ఉంది, దాని మీద వచ్చే యాడ్ డబ్బులు వాళ్లకే పోతాయి అని. ఆ కంపెనీ మొన్నమొన్న అదే బాణీకి కీబోర్డు, ప్యాడ్లు తగిలించి ఆల్బమ్ చేసింది. పిల్లోడు భయపడి వీడియో తీసేద్దామనుకున్నాడు. ఆ భయం గురించే ఈ వారం రాస్తున్నాను.

అతనికి వచ్చింది క్లెయిమ్. స్ట్రైక్ కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని మన చానళ్లు ఎన్ని వీడియోలు తమంతట తామే తీసేసుకున్నాయో! క్లెయిమ్ ఎక్కువగా మిషన్ వేస్తుంది. కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు 2007 నుంచి ఉంది. కంపెనీలు తమ పాటలు అందులో దాఖలు చేస్తాయి, మనం ఎక్కించే ప్రతి వీడియోనూ మిషన్ వాటితో పోల్చి చూస్తుంది. ఒకే రికార్డింగే కానక్కర్లేదు, బాణీ కలిసినా పట్టుకోగలదు. కలిస్తే వీడియో ఆపాలా, యాడ్ డబ్బులు తీసుకోవాలా, ఊరికే లెక్క చూసుకోవాలా అన్నది కంపెనీ ఇష్టం. దీనివల్ల చానల్ పోదు. స్ట్రైక్ వేరు. వీడియో తీసేయమని హక్కుదారు చట్టప్రకారం అడిగితే పడేది అది. 90 రోజుల్లో మూడు పడితే చానల్ పోవచ్చు.

ఆ మిషన్‌కు ముందు ఎవరు పాడినారో తెలీదు. ముందు ఎవరు దాఖలు చేసినారో మాత్రమే తెలుసు. ఇది మనకు కొత్తా? మూడు తరాలు దున్నినోడి పేరు అడంగల్‌లో లేకపోతే ఆ చేను వాడిది కాదనడం మన తాతలు చూసిందే. పైగా కంటెంట్ ఐడీలోకి అందరినీ రానివ్వరు. సొంత హక్కులున్న సరుకు పెద్ద మొత్తంలో ఉండాలి. అంటే జేజి మీద కంపెనీ క్లెయిమ్ వేయగలదు, కంపెనీ మీద జేజి వేయలేదు.

చట్టం మాత్రం జేజిని అంత తేలిగ్గా వదిలేయలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంపెనీకి తను చేసిన రికార్డింగు మీద హక్కుంటుంది, కొత్తగా రాసి కలిపిన చరణాల మీద ఉంటుంది. తరాలుగా నోటినోటా వచ్చిన పాట మీద ఉండదు. పాడినవాళ్లకు పెర్ఫార్మర్ హక్కు 50 ఏళ్లు ఉంటుంది, 2012 సవరణ దాన్ని ఇంకా గట్టిచేసింది. ఫోన్లో తీసిన పిల్లోడికి తన రికార్డింగు మీద 60 ఏళ్ల హక్కుంది. యూట్యూబ్ నియమాలు కూడా ఎవరి సొత్తూ కాని సరుకును కంటెంట్ ఐడీలో పెట్టకూడదనే చెప్తాయి. పెట్టినారు. ఎవరూ అడగరనే ధైర్యం.

అడగడం లేదన్నది లెక్కల్లోనే ఉంది. 2021 మొదటి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ క్లెయిములు 72 కోట్ల పైచిలుకని యూట్యూబే ప్రకటించింది. అందులో కాదని వాదించినవి సుమారు 37 లక్షలు, నూటికి ఒకటి కూడా కాదు. వాదించినవాటిలో నూటికి 60 వీడియో పెట్టినవాళ్లవైపే తేలినాయి.

అట్లని ప్రతి క్లెయిమూ అన్యాయం కాదు. జయంతి ఊరేగింపు వీడియోకు సినిమా పాట తగిలించి, కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే సరిపోతుందనుకోవద్దు. పది సెకన్లయితే ఏమీ కాదన్నదీ గాలిమాటే. విమర్శకూ సమీక్షకూ వర్తమాన వార్తకూ చట్టంలో 52వ సెక్షన్ చోటిచ్చింది. మన ఊరేగింపుకు ఊపు కావాలి కాబట్టి అనే కారణం అందులో లేదు. దప్పు మనదగ్గరే ఉండంగా ఆ పాటెందుకో నాకైతే అర్థం కాదు.

అసలు భయపడాల్సింది స్ట్రైక్‌కు. దాడి జరిగిన ఊరికి పోయి మనవాళ్లు వీడియో తీస్తారు. అందులో ఎవరో తీసిన క్లిప్పు ఉందని స్ట్రైక్ వేయిస్తారు. అది తప్పని కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వాలంటే అసలు పేరు, అడ్రస్ రాయాలి. అది నేరుగా అవతలోడి చేతికి పోతుంది. అమెరికాలో కూర్చుని ఈ నియమం రాసినోళ్లకు ఊర్లో వాడ అడ్రస్ ఇవ్వడమంటే ఏందో తెలుసా? నా సలహా, ఒంటరిగా ఇవ్వొద్దు. లాయర్ ద్వారా ఇవ్వండి.

2021లో సారంగదరియా గొడవ గుర్తుందా? సినిమాలో పాడిన మంగ్లీ మన గుత్తి మండలం బసినేపల్లి తాండా అమ్మాయే. రేలారే కార్యక్రమంలో ముందే ఆ పాట పాడిన కోమలి నిలబడి అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమె పేరు వేస్తామని, డబ్బు ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అడిగితేనే.

మనమేం తక్కువ తినలేదు. నేను పీహెచ్‌డీకి తిరగేసిన జానపద సంకలనాల్లో అట్ట మీద సేకర్త పేరు కనపడేది, పాడిన మనిషి పేరు కోసం చాలాసార్లు వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ పిల్లోడి వీడియో టైటిల్ కూడా చూసినాను: "పల్లె పాట, సూపర్ వాయిస్". జేజి పేరు యాడప్పా అంటే తల గోక్కున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని డిస్ప్యూట్ రాసినాం. ఇది సంప్రదాయ పాట, రచయిత ఎవరో తెలీదు, గొంతులు మావి, రికార్డింగు మాది, మీ ఆల్బమ్ నుంచి ఒక్క సెకను కూడా తీసుకోలేదు అని. కంపెనీకి 30 రోజుల గడువుంది. జవాబు రాకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. కాదంటే అప్పీల్ వేస్తాం. టైటిల్ మాత్రం ఆ రోజే మార్చినాడు. ఐదుగురి పేర్లూ, ఊరి పేరూ వేసినాడు, వాళ్లనందరినీ అడిగినాకనే.